లీడ్ ఆడమంటే వెనకాడొద్దు

పాపా,

రాంచీలో ఉద్యోగం ఖాయమైందని, అక్కడ లాన్ బౌల్స్, అదే పచ్చిక మీద బంతులు దొర్లించి జాక్ అనే చిన్న బంతికి దగ్గరగా ఆపే ఆట, నేర్చుకోవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నేను ఉద్యోగం చేసిన ఊరే అది, ఆట నేర్చుకున్నదీ అక్కడే. అక్కడి నామ్‌కుమ్‌లో గ్రీన్, అంటే ఈ ఆట ఆడే పచ్చిక మైదానం, ఉంది, వెళ్ళి కనుక్కో.

తిరుపతిలో ఉన్నన్నాళ్ళూ మోకాళ్ళ సంగతి చూసుకో. ప్రతి బంతికీ ఒక కాలు ముందుకేసి, బాగా వంగి, చెయ్యి నేలకు దగ్గరగా తెచ్చి వదలాలి. పూటంతా ఆడితే తొడలు లాగేస్తాయి. వీలైనప్పుడల్లా అలిపిరి మెట్లెక్కు. దిగేటప్పుడు బస్సెక్కకుండా నడిచే దిగు, మోకాలికి పట్టు వచ్చేది అప్పుడే. యూనివర్సిటీ గ్రౌండులో బంతి దొర్లించి ప్రాక్టీస్ చేద్దామనుకోకు. గట్టి నేల మీద బంతి పోయే తీరే వేరు, చేతికి తప్పుడు అలవాటు పడుతుంది.

బంతి చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది గానీ, ఒక పక్కకు తిరిగేలా చేస్తారు. దాన్ని బయాస్ అంటారు. చిన్న గుర్తు ఏ వైపుంటే ఆ వైపుకే తిరుగుతుంది, వేగం తగ్గేకొద్దీ ఎక్కువ తిరుగుతుంది. వదిలే ముందు ఆ గుర్తు చూసుకోవడం మానకు. రెండు బొటనవేళ్ళూ, రెండు మధ్యవేళ్ళూ బంతి చుట్టూ కలిస్తే అది నీ సైజు. సొంత సెట్ ఖరీదెక్కువ, ఇప్పుడే కొనొద్దు.

ఇక అసలు మాట. కొత్తదానివి కాబట్టి నలుగురి జట్టులో నిన్ను లీడ్‌గా వేస్తారు. చిన్నబుచ్చుకోకు. నిలబడి బంతి వేసే మ్యాట్ పరిచేదీ, జాక్ దొర్లించేదీ, జట్టు తరఫున మొదటి రెండు బంతులు వేసేదీ లీడే. జాక్ మ్యాట్‌కు కనీసం 23 మీటర్ల దూరం పోవాలి. ఆపైన జట్టును నడిపించే మీ స్కిప్‌కు ఏ దూరం నప్పుతుందో, ప్రతిసారీ అక్కడికే పంపగలిగితే ఎదుటి జట్టుకు కష్టమే. అందుకే మొదట్లో బంతి పక్కకు పోయిందని టెన్షన్ పడకు, దూరం కుదిరిందా అని చూసుకో. జాక్‌కు మూరెడు పక్కన ఆగినా పరవాలేదు. బాగా ముందే ఆగిపోతే మాత్రం మనవాళ్ళకే అడ్డం. కాస్త వెనక ఆగితే మేలు, తర్వాత ఎవరైనా జాక్‌ను వెనక్కి నెడితే అది మన బంతి దగ్గరికే చేరుతుంది.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆడపిల్లలు ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టులో లీడ్ లవ్లీ చౌబే, అప్పటికి జార్ఖండ్ పోలీసు కానిస్టేబుల్. స్కిప్ రూపా రాణి టిర్కీది రాంచీయే. వాళ్ళూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్ళే. నువ్వూ ఆఫీసులో చేరగానే ఆట సంగతి చెప్పెయ్, టోర్నమెంట్ ముందు సెలవు కోసం తిప్పలు పడకుండా ఉంటుంది. రైలు ఖర్చులు చాలాసార్లు నీ జేబులోంచే పోతాయి, జీతంలో కొంత పక్కన పెట్టుకో.

మడమ లేని, అడుగు చదునుగా ఉన్న బూట్లు లేకుండా గ్రీన్ మీదికి రానివ్వరు. గాంధీ రోడ్డులో కొనుక్కుని, ఆదివారం పొద్దున్నే వాటితోనే ఇంటికి రా. అడుగెలా వేయాలో పెరట్లో చూపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న