మాడిన పాలగిన్నె పారేయకండి, తోమడం మాత్రం ఆపేయండి

స్టవ్ మీద పాలు మరిచిపోయి స్టీలు గిన్నె అడుగంతా నల్లగా మాడిందని, రెండు రోజులుగా ఇనప పీచుతో తోముతున్నా పోవట్లేదని, పారేయాలా అని అడిగారు కదా. వద్దండి, బాగవుతుంది. కాకపోతే ఆ పీచు పక్కన పెట్టేయండి, దానితో గీతలు పడటం తప్ప మాడు పోదు, ఆ గీతల్లోనే మళ్లీ పాలు అంటుకుంటాయి.

రెండేళ్ల కిందట సంక్రాంతికి మా అత్తయ్య ఇచ్చిన అడుగు మందం గిన్నెలో పరమాన్నం వండుతూ, బెల్లం వేశాక ఫోనొస్తే అటు వెళ్లాను. వాసనకి పరిగెత్తుకొచ్చి చూస్తే అడుగున కందిగింజ మందాన మాడు. పాలు, బెల్లం కలిసి మాడితే తారులా పట్టేస్తుంది. ఆ గిన్నె అంటే నాకు ప్రాణం, అందుకే ఎలాగైనా బాగుచేయాలని కూర్చున్నాను. వేడి మీద ఉన్నప్పుడు చల్లనీళ్లు మాత్రం పోయలేదు, అలా పోస్తే అడుగు వంకర తిరుగుతుంది.

చల్లారాక మాడు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకి రెండు పెద్ద చెంచాల లెక్కన వంట సోడా కలిపి అప్పుడు స్టవ్ వెలిగించాను (మరిగే నీళ్లలో సోడా వేస్తే ఒక్కసారిగా పొంగి మీదకొస్తుంది, జాగ్రత్త). సన్నని మంట మీద పదిహేను నిమిషాలు మరిగించి రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్నే నీళ్లు కషాయం రంగులోకి తిరిగాయి, చెక్క గరిటెతో అంచు దగ్గర కొంచెం తోస్తే మాడు అప్పడం ముక్కలా లేచొచ్చింది. మధ్యలో మిగిలినదానికి మళ్లీ అదే పని చేశాను. చివరికి పల్చటి మరక ఉండిపోతే సోడాలో రెండు చుక్కల నీళ్లు వేసి ముద్దలా చేసి, పట్టించి, అరగంటాగి మెత్తటి స్పాంజితో రుద్దితే పోయింది. అడుగున నీలం, పసుపు రంగులు తేలితే భయపడకండి, అది వేడికి స్టీలు మీద వచ్చే రంగే, నిమ్మచెక్కతో రుద్దితే చాలావరకు పోతుంది.

సోడా, వెనిగర్ కలిపి పోయమని చాలామంది చెబుతారు. బుసబుసా నురగ వస్తుంది గానీ, రెండూ ఒకదాని బలం ఇంకొకటి తీసేస్తాయి. విడివిడిగా వాడండి.

ఇదంతా స్టీలుకే. సిల్వర్ గిన్నెలకి, అల్యూమినియం కుక్కర్లకి సోడా వద్దు, నల్లబడిపోతాయి. వాటిలో నిమ్మకాయంత చింతపండు వేసి నీళ్లు మరిగించండి. నాన్‌స్టిక్ అయితే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి స్పాంజితో తుడవడమే, గీకొద్దు. ఇనప మూకుడు రాత్రంతా నానబెడితే తుప్పు పడుతుంది, అప్పటికప్పుడు నీళ్లు మరిగించి గీకేసి, తడి ఆరాక నూనె రాయండి.

మీది స్టీలే కాబట్టి ఈ రాత్రే సోడా నీళ్లు మరిగించి వదిలేయండి. పొద్దున్నకి సగమే వదిలితే రెండోసారి పెట్టండి, నాకూ రెండోసారికే పూర్తిగా వదిలింది.