మొదటి సంక్రాంతికి బాబుని అత్తారింటికి తీసుకెళ్ళాలా వద్దా?

ప్రశ్న: మా బాబు అక్టోబర్ రెండో వారంలో, 35 వారాలకే పుట్టేశాడు. అప్పుడు 2.1 కేజీలు, పది రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంచారు, ఇప్పుడు 3.9. నేను ఖమ్మంలో పుట్టింట్లో ఉన్నా. అత్తగారిది అమలాపురం దగ్గర పల్లె, మామగారికి సెప్టెంబర్లో బైపాస్ అయింది. వచ్చే పండక్కి ఉంటానో లేదో, మనవడికి భోగిపళ్ళు మనింట్లోనే పొయ్యాలి అంటున్నారు, పండక్కి పాతికమంది దాకా చుట్టాలొస్తారు. మా అమ్మేమో నాలుగో నెలలో పంపకూడదని పట్టు. మావారు ప్రతి ఆదివారం బాబు బరువు ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు, పెట్టగానే చుట్టాలు పాలు చాలట్లేదేమో డబ్బా పాలు పట్టండి అని మొదలెడతారు. వాడు పడుకున్నా నాకు నిద్ర పట్టదు, ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూస్తూ కూర్చుంటా. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉత్తరమంతా సంక్రాంతి గురించే రాశారు గానీ అమ్మా, నాకు ముందు ఆ నిద్ర సంగతే మాట్లాడాలనిపిస్తోంది. ఎన్‌ఐసీయూలో మానిటర్ శబ్దాలు వింటూ గడిపిన తల్లికి ఇంటికొచ్చాక ఆ మానిటర్ లేకపోతే తనే మానిటర్ అయిపోవడం చాలామందిలో చూశాను. పసిపిల్లలు, అందులోనూ నెలలు తక్కువ పిల్లలు, నిద్రలో గబగబా నాలుగు ఊపిర్లు తీసి అయిదారు సెకన్లు ఆగి మళ్ళీ తియ్యడం మామూలు విషయమే, మీరు భయపడేది ఎక్కువగా ఆ ఆగడం చూసే అయ్యుంటుంది. 20 సెకన్లు దాటి ఆగినా, పెదాలు నీలంగా మారినా, డొక్కలు లోపలికి పోయేలా ఊపిరి తీస్తున్నా అప్పుడు మాత్రం ఎవర్నీ అడక్కుండా 108కి ఫోన్ చెయ్యండి. మిగతా వేళల్లో మీరు చూస్తూ కూర్చోవడం వల్ల వాడికి ఒరిగేదేం లేదు, మీ ఆరోగ్యం మాత్రం దెబ్బతింటుంది.

కాన్పయ్యాక మొదటి వారం రెండు వారాలు ఏడుపొచ్చినా కంగారైనా సర్దుకుంటుంది, కానీ మీకు మూడో నెల నిండుతోంది, బిడ్డ పడుకున్నా మీరు పడుకోలేకపోతున్నారంటే దాన్ని బాలింత నీరసం అని వదిలెయ్యకండి. బాబు చెకప్‌కి వెళ్ళినప్పుడే మీ గైనకాలజిస్ట్‌కి కూడా ఈ ముక్క చెప్పండి, రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఎలా ఉందో టెస్ట్ చేయిస్తారు, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు, పాలిస్తూ వాడుకోగలిగే మందులూ ఉన్నాయి కాబట్టి ఆ భయం వద్దు. అర్ధరాత్రి మరీ తట్టుకోలేనట్టుగా ఉంటే 14416, టెలీ మానస్ నంబరు, ఫ్రీగానే మాట్లాడతారు, తెలుగులో కూడా. మీకు గానీ బాబుకి గానీ ఏదైనా చేసుకోవాలన్నంత ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఇంట్లోవాళ్ళని లేపి చెప్పాలి.

ఇక పండగ. మీ అమ్మగారు అడ్డం పెట్టిన నాలుగో నెల సంగతి నాకు అర్థమైంది, కూతుర్ని మనవడ్ని కాపాడుకోడానికి ఆవిడకి దొరికిన ఆయుధం అది. కానీ అలాంటి వాదన నిలబడదమ్మా, అత్తగారు వాళ్ళ పంతులుగార్ని అడిగి "చూపించి తీసుకెళ్ళడానికి నెలతో పనిలేదట" అని ఒక్క మాట తెస్తే అయిపోయె, పైగా ఇద్దరు వియ్యపురాళ్ళ మధ్య మాట పట్టింపు మిగులుతుంది. అసలు కారణాలే గట్టిగా ఉన్నాయి, అవే చెప్పండి. వాడు అయిదు వారాలు ముందు పుట్టాడు కాబట్టి భోగినాటికి మనం మూడు నెలలంటున్నా ఎదుగుదల లెక్కలో రెండు నెలల పిల్లాడి కిందే లెక్క. టీకాలు మాత్రం పుట్టిన తేదీ నుంచే లెక్కేస్తారు, అక్టోబర్ రెండో వారం అంటే 14 వారాల టీకాలు సరిగ్గా సంక్రాంతి, కనుమల దగ్గరే పడుతున్నాయి చూసుకున్నారా? పెంటావాలెంట్ (అయిదు జబ్బులకి కలిపి వేసే టీకా) వేశాక ఒకట్రెండు రోజులు కాస్త జ్వరం, చిరాకు ఉండొచ్చు, ఆ పరిస్థితిలో పాతికమంది ఉన్న ఇంట్లో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వాడు తిరగడం నాకైతే నచ్చట్లేదు. జనవరి చలికి ఎవరో ఒకరికి దగ్గు, రొంప ఉండనే ఉంటాయి, పెద్దవాళ్ళకి వచ్చే జలుబే ఈ పిల్లాడిని ఆస్పత్రి దాకా తీసుకెళ్ళొచ్చు. ఆ మాటకొస్తే నాలుగు నెలల కింద బైపాస్ అయిన మనిషికి కూడా ఆ గుంపు మంచిది కాదు.

అలాగని మామగారి మాటని బ్లాక్‌మెయిల్ అని కొట్టిపారెయ్యకండి. గుండె కోయించుకుని బయటపడ్డ మనిషి, ఆ మాట నిజంగానే అనుకుని ఉంటారు. అందుకే రాము అని చెప్పొద్దు, ఎప్పుడు వస్తామో తేదీతో సహా చెప్పండి. నా సలహా ఏంటంటే పండక్కి ఖమ్మంలోనే ఉండి టీకాలు వేయించండి, రెండు మూడు రోజులు చూసి, డాక్టర్ సరే అంటే, చుట్టాలంతా వెళ్ళిపోయాక 20 తర్వాత బయల్దేరి ఓ వారం పది రోజులుండి రండి. పండగ హడావిడిలో అయితే ఆయనకి మనవడు పట్టుమని పది నిమిషాలు కూడా దొరకడు, ఇప్పుడైతే పొద్దున్నే అరుగు మీద ఎండలో ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. కారులో మధ్యలో ఆగి పాలిస్తూ, పగటిపూటే వెళ్ళండి.

భోగిపళ్ళు అయిదేళ్ళు వచ్చేదాకా పోస్తూనే ఉంటారు కాబట్టి ఇంకా చాలా భోగులు ఉన్నాయి. ఈసారి ఖమ్మంలోనే మీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అత్తగారిని వీడియో కాల్‌లో పెట్టి, ముందు ఆవిడ చేతే అక్షింతలు వేయించినట్టు మీ అమ్మగారు వెయ్యాలి. రేగిపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు, శనగలు దిష్టి తీసి పక్కనపెట్టి, తల మీద బంతిపూల రేకులు మాత్రం చల్లితే చాలు, మాడు ఇంకా గట్టిపడని పిల్లాడి మీద రూపాయి బిళ్ళలు పొయ్యడమేంటి చెప్పండి. భోగి మంట దగ్గరికి వద్దు, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా వద్దు, ఇది అక్కడికి వెళ్ళాక కూడా గుర్తుంచుకోండి. నాలిక మీద తేనె ఏడాది దాటేదాకా అస్సలు పెట్టనివ్వకండి, చాలా అరుదే గానీ పసివాళ్ళ నరాలని పడేసే జబ్బు దానివల్ల రావొచ్చు. ఆరు నెలలదాకా మీ పాలు, డాక్టర్ రాసిన డ్రాప్స్ తప్ప ఉగ్గు, వస, నీళ్ళు ఏవీ అక్కర్లేదు. కాటుక కావాలంటే అరికాలికి పెట్టుకోమనండి, కళ్ళకి వద్దు.

ఇవన్నీ ఎవరు చెప్పాలి? మీరు కాదు, మీవారు. అమ్మకి కొడుకు చెప్తే "వాడికి పిల్లాడంటే ఎంత జాగ్రత్తో" అంటారు, అదే మాట కోడలు చెప్తే "పుట్టింటివాళ్ళు నేర్పారు" అంటారు, ఇది న్యాయం కాదుగానీ మన ఇళ్ళల్లో ఇలాగే ఉంటుంది. ముందు నాన్నగారికి ఫోన్ చేసి నోటితో చెప్పమనండి, ఆ తర్వాతే గ్రూప్‌లో. ఏం రాయాలో తోచకపోతే ఇది కాపీ చేసుకోమనండి: "బాబు బావున్నాడు, డాక్టర్ కూడా ఎదుగుదల బావుందన్నారు. పండగ రోజుల్లోనే టీకాలున్నాయి కాబట్టి ఈసారి మేం ఇక్కడే ఉంటాం, 20 తర్వాత వచ్చి నాన్నగారి దగ్గర పది రోజులుంటాం. ముద్దులు, ఎత్తుకోవడాలు వాడు కాస్త గట్టిపడ్డాకే, ఎవరూ ఏమీ అనుకోవద్దు."

ఆ బరువు పెట్టడం మాత్రం ఇవాళ్టితో ఆపెయ్యాలి. ఆయన సంతోషం కొద్దీ పెడుతున్నారు, తప్పుపట్టను, కానీ అది చూసి మాట పడుతోంది మీరు. రెండు కేజీలతో పుట్టినవాడు మూడు నెలలు నిండకుండానే రెట్టింపుకి దగ్గరపడ్డాడు, సగటున రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరిగితే మామూలు పెరుగుదలే, మీవాడు అందులోనే ఉన్నాడు. రోజుకి ఆరేడు సార్లు ఉచ్చ పోస్తూ, పాలు తాగాక తృప్తిగా పడుకుంటున్నాడంటే మీ పాలు సరిపోతున్నట్టే. వాడి ఈడుకి ఆరు కేజీలున్న పిల్లాడెవరితోనైనా పోల్చినా, ఆ పిల్లాడు నెలలు నిండి పుట్టినవాడై ఉంటాడు, ఆ పోలిక మనకెందుకు.

ఈ రాత్రి నుంచే ఒకటి మొదలుపెట్టండి. పదింటికి పాలిచ్చేసి బాబుని మీ అమ్మగారికి అప్పగించి మీరు పక్క గదిలో పడుకోండి, తర్వాతి పాలకి ఆవిడే తెచ్చి మిమ్మల్ని లేపుతారు. మొదట్లో నిద్ర పట్టకపోయినా మధ్యలో లేచి చూసి రావద్దు. నాలుగైదు రోజులు ఇలా చేసినా కునుకు పట్టట్లేదంటే డాక్టర్ అపాయింట్‌మెంట్ పండగ తర్వాతకి పెట్టుకోకండి, ముందే వెళ్ళండి, మీవార్ని కూడా తీసుకునే వెళ్ళండి.