మొక్కుకున్నది మీరు, మోసేది అమ్మాయి

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయికి 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాలుగేళ్లుగా ఒక్క సంబంధమూ కుదరలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఏదీ తప్పలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం రాసి ఇచ్చేది) మీద రోజూ చేయి పెట్టి ప్రార్థిస్తున్నాను. ఈ ఏడాది పెళ్లయితే దానికి పుట్టే మొదటి బిడ్డను దేవుని సేవకు ఇస్తానని మొక్కుకున్నాను. షుగర్ ఉన్నా 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టాను. అమ్మాయేమో 'నా కోసం ప్రార్థన చేయట్లేదమ్మా, దేవుణ్ని నా మీదికి ఉసిగొల్పుతున్నావు' అని ఫోన్ ఎత్తడం మానేసింది. నా విశ్వాసంలో లోపం ఏమిటి?"

అమ్మా, ముందు మీ ఆరోగ్యం. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడుతూ తిండి మానేస్తే షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఈ రోజే డాక్టరుతో మాట్లాడండి. ఉపవాసం ఆపేసి వేళకు తినండి, మందులు మాత్రం మీ అంతట మీరు మానకండి. మధ్యలో ఆపితే శాపం తగులుతుందని ఎవరన్నా నమ్మకండి.

ఇక విశ్వాసం సంగతి. మీకు విశ్వాసం తక్కువని నాకు అనిపించలేదు. భయం ఎక్కువైంది. ఒక్క శుక్రవారం తప్పితే పెళ్లే తప్పిపోతుందన్న టెన్షన్‌తో మీరు ప్రార్థిస్తున్నారు. బైబిల్లో ఫిలిష్తీయుల చేతిలో ఓడిన ఇశ్రాయేలు పెద్దలూ ఇలాగే భయపడి షిలోహు నుంచి నిబంధన మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టెను, యుద్ధానికి తెప్పించారు. అది మధ్యలో ఉంటే దేవుడు గెలిపించక తప్పదనుకున్నారు. 30,000 మంది కాల్బలం కూలిపోయారు, మందసమే శత్రువుల పాలైంది. మందసం పవిత్రమైనదే. మీ వాగ్దాన కార్డులోని వాక్యమూ పవిత్రమైనదే. కానీ వాటితో దేవుణ్ని మన మాట వినేలా చేసుకోలేం.

ఉపవాసం ఉండగానే సంబంధం కుదిరిందని సాక్ష్యం చెప్పేవారు మన సంఘాల్లో చాలామంది. అంతే నమ్మకంగా ఎదురుచూసినా కుదరనివారి చేతికి మైకు రాదు. అందుకే మీలాంటి తల్లులు లోపమంతా తమలోనే ఉందని కుమిలిపోతారు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ప్రభువు తీయలేదు, నా కృప నీకు చాలు అన్నాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని మనం అనం కదా!

అడగడం తప్పు కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగిపోవాలని అడిగాడు, ఆ పైన తండ్రి చిత్తానికి వదిలేశాడు. మీరు అడుగుతున్నారు కానీ వదలడం లేదు. గడువు మీరే పెట్టారు, జవాబూ మీరే రాసి పెట్టుకున్నారు.

మీ మొక్కు నన్ను ఇంకా కలవరపెట్టింది. బైబిల్లో పిల్లలు లేని హన్నా, కొడుకు పుడితే దేవునికి ఇస్తానని మొక్కుకోలేదా అంటారేమో. హన్నా తన కడుపున పుట్టబోయే బిడ్డ గురించి మొక్కుకుంది. మీరు మీ కూతురి కడుపున పుట్టబోయే బిడ్డను, ఆమెను ఒక్క మాట అడగకుండా ఇచ్చేశారు. ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా యుద్ధంలో గెలుపు కోసం, తన ఇంటి నుంచి ఎదురొచ్చేదాన్ని అర్పిస్తానని తొందరపడి మొక్కుకుంటే భారం పడింది అతని ఒక్కగానొక్క కూతురి మీదే. మనుషుల విషయంలో మొక్కుకున్నవాళ్లకు బైబిల్లోని లేవీయకాండం 27వ అధ్యాయం వెల కట్టి విడిపించుకునే దారి చూపించింది. కానుక లెక్క కట్టమని నేను అనడం లేదు. మిమ్మల్ని ఎరిగిన పాస్టరుగారి దగ్గర కూర్చుని, నాది కానిదాన్ని ఇస్తానన్నాను, క్షమించమని దేవునితో చెప్పండి. దానికి బదులుగా ఇంకో మొక్కు పెట్టమంటే ఒప్పుకోకండి.

అమ్మాయికి ఫోన్ చేయకండి, చిన్న మెసేజ్ పెట్టండి. మొక్కు వెనక్కి తీసుకున్నానని, తను మాట్లాడాలనుకున్నప్పుడు వింటానని రాయండి. వాక్యాలు జోడించకండి. తను మాట్లాడిన రోజు సంబంధాల ఊసు ఎత్తకుండా, అసలు పెళ్లి కావాలనుకుంటోందా, ఎలాంటి మనిషితో బతకాలనుకుంటోందో అడగండి. మీరు ఊహించని జవాబు రావచ్చు. వస్తే మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి, తను సరేనంటే తప్ప ప్రార్థన గుంపులో ఎవరికీ చెప్పకండి.