ఫోన్ తెరలు చేసేవాళ్లకి క్యాన్సర్ మందుతో ఏం పని?

పల్చటి పొరల ఎలక్ట్రానిక్స్, నానో రేణువులతో మందు పంపడం, ఈ రెండూ ఒకే మెటీరియల్స్ సైంటిస్ట్ ఎలా చేస్తారు అని కదా మీ ప్రశ్న. పైకి సంబంధం లేనట్టే ఉంటుంది గానీ రెండు చోట్లా తలనొప్పి ఒకటే: నానోమీటర్ల సైజులో ఒక పొర, దాన్ని బయటి నుంచి కాపాడుకోవడం.

ఇప్పటి ఫోన్ తెరల్లో వాడే ఓలెడ్ అంటే కరెంటు ఇస్తే తనే వెలిగే సేంద్రియ (కార్బన్ ఆధారిత) పొరలు. 1987లో కోడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే పరిశోధకులు చూపించిన ఓలెడ్‌లో ఆ పొరలన్నీ కలిపినా 135 నానోమీటర్లే, అంటే వెంట్రుకని కొన్ని వందల పొరలుగా చీలిస్తే అందులో ఒకటన్నమాట. గాలీ తేమా తగిలితే పాడైపోతుంది. ఓలెడ్ ఫోన్ కిందపడి పగిలాక ఆ మూల నల్లమచ్చ రోజురోజుకీ పాకడం చూసే ఉంటారు.

ఇక మందు. డాక్సోరుబిసిన్ అని ఒక క్యాన్సర్ మందు, ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది, గుండెకి చేటు. దాన్నే సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో నింపి పైన పెగ్ అనే పాలిమర్ పూత వేస్తే, రోగనిరోధక కణాలు తొందరగా గుర్తుపట్టవు, రక్తంలో రోజుల తరబడి తిరుగుతుంది, గుండెకి ముప్పూ తగ్గుతుంది. అదే డాక్సిల్, అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. కాకపోతే నానో అనగానే మందు నేరుగా క్యాన్సర్ గడ్డకే వెళ్తుందంటే నమ్మకండి, చాలా భాగం కాలేయం, ప్లీహంలోనే ఆగిపోతుంది, పైగా డాక్సిల్‌తో కొందరికి అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పొక్కుతాయి.