మీ ఉత్తరాలు: ఊరి లెక్కలు, ఇంటి మాటలు

2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాక నాకొచ్చే ఉత్తరాల తీరు మారింది. అంతకుముందు పింఛన్లు, పట్టాలు, ఆస్తి పంపకాల గురించే ఎక్కువగా రాసేవారు. ఇప్పుడు ఊరి గురించి అడుగుతున్నారు. పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరైన నాకు ఇది చాలా సంతోషం. మొదటి ఉత్తరానికి ఈసారి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. అదే ప్రశ్న వేరే జిల్లాల నుంచి కూడా వచ్చింది.

మేడం, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊళ్లో మురికికాలువ పూర్తయిందని చెప్పారు, కానీ సగం వరకే ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగితే "ఊళ్లో ఉండనోడివి నీకెందుకు" అన్నారు. మా నాన్న కూడా ఊరుకోమంటున్నారు. లెక్క తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

ఉంది బాబూ. మీరు అడిగింది న్యాయమే. వాట్సాప్ గ్రూపులో మాత్రం మీకు జవాబు చెప్పి తీరాల్సినవాళ్లు ఎవరూ లేరు. పంచాయతీ ఆఫీసులో ఉన్నారు.

ముందు ఇంటర్నెట్‌లో ఇ-గ్రామ్ స్వరాజ్ తెరవండి. 2020 ఏప్రిల్ 24 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఇది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఏ పనికి ప్లాన్ వేశారో, ఎవరి పేరున ఎంత చెల్లించారో కనిపిస్తుంది. అయితే అక్కడ మీ కాలువ కనపడలేదని వెంటనే ఎవరినీ దొంగ అనకండి. అదే కాలువను ఉపాధి హామీ నిధులతో వేసి ఉండొచ్చు, దాని లెక్క వేరే వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎమ్మెల్యే నిధులతో వేసి ఉంటే బిల్లు పంచాయతీ నుంచి పోదు. పని ఎవరిదో తేలకుండా సర్పంచ్ మీద పడితే, మీరు తర్వాత అడిగే సరైన ప్రశ్న కూడా ఎవరూ వినరు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. అప్పటి నుంచి కొత్త ఎన్నికల దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఆర్థిక సంఘం నిధులు, అంటే ఆ సంఘం సిఫారసు మీద పంచాయతీలకు ఇచ్చే డబ్బు, విడుదల చెయ్యదు. పంచాయతీ ట్రాక్టర్ డీజిల్, వీధి దీపాల కరెంటు బిల్లు, మల్టీపర్పస్ వర్కర్ల జీతాలు మాత్రం ఆగవు కదా. కార్యదర్శులు అప్పు తెచ్చి మరీ డీజిల్ పోయించారు. ఆ రోజుల్లో ఆగిపోయిన పనికి ఇప్పుడు గెలిచినవాళ్లను నిలదీయడం అన్యాయం. అందుకే కాలువ ఏ సంవత్సరానిదో ముందు కనుక్కోండి. 2021 నుంచి 2026 మార్చి దాకా వర్తించిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. దాన్ని మళ్లించి సీసీ రోడ్డు వెయ్యడానికి వీలుండేది కాదు. మిగతా 40 శాతంతోనే సొంత అవసరాలు చూసుకోవాల్సి వచ్చేది. గ్రూపులో "డబ్బులన్నీ ఏమయ్యాయి" అని రాసేవాళ్లు ఇది తెలుసుకుని రాస్తే బాగుంటుంది.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఊరి స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. మీ ఓటు హైదరాబాద్‌కు మారినా ఫర్వాలేదు, ఈ దేశ పౌరుడైతే చాలు. రాసేటప్పుడు "కాలువ ఎందుకు పూర్తి చెయ్యలేదు" అని రాయకండి, ఆ చట్టం కింద వచ్చేది దస్తావేజే. పంచాయతీ తీర్మానం, ఎస్టిమేటు, ఎంబీ, బిల్లు కాపీలు ఇమ్మని రాయండి. ఎంబీ అంటే మెజర్‌మెంట్ బుక్. చేసిన పని పొడవు, వెడల్పు, లోతు ఇంజినీరు అందులో ఎక్కిస్తారు. నన్నడిగితే ఊరి లెక్కలన్నిటిలో గట్టి కాగితం అదే. ఆ కాపీ, ఒక టేపు పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్లి కొలవండి. నలుగురిని వెంట పెట్టుకోండి. 30 రోజుల్లో సమాచారం రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు చెయ్యండి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఓటు ఊళ్లోనే ఉంటే మీరూ అందులో సభ్యులే. వచ్చే సభ తేదీ కార్యదర్శిని అడిగి, ఆ రోజు సెలవు పెట్టి వెళ్లండి. మీ ప్రశ్న తీర్మానాల పుస్తకంలో రాయించాకే లేవండి.

ఇక మీ నాన్నగారి మాట. ఆయనది పిరికితనం అనుకోకండి. రేపు ఏ సంతకం కావాలన్నా, ఏ పొలం గట్టు తగాదా వచ్చినా అక్కడ నిలబడేది ఆయనే, మీరు కాదు. దరఖాస్తు పెట్టేముందు ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పండి. వీలైతే సర్పంచ్‌ను ఇంటికెళ్లి కలిసి, "ఈ కాగితాలు అడుగుతున్నాను, మీ మీద కోపంతో కాదు" అని చెప్పండి. అలా ముఖాముఖి చెప్పిన ఊళ్లలో కాగితాలు కూడా తొందరగా వచ్చాయి.

మేడం, మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. కుర్చీలో మా ఆయనే కూర్చుంటారు. కార్యదర్శి కాగితాలు ఆయనకే ఇస్తారు. ఆయన చెడ్డవారు కాదు, గొడవ పెట్టుకోవాలని నాకు లేదు. ఏం చెయ్యాలి?
– ఒక సర్పంచ్, ఖమ్మం జిల్లా

తల్లీ, ముందు మీ డిజిటల్ కీ, అంటే చెల్లింపులకు కంప్యూటర్‌లో మీ సంతకంగా పనిచేసేది, దాని పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోండి. గొడవ లేకుండా చెయ్యగలిగిన పని ఇది. ఆ కీతో పోయే ప్రతి చెల్లింపూ మీరు చేసినట్టే. రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే రికవరీ నోటీసు మీ పేరునే వస్తుంది, మీ ఆయన పేరున రాదు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి. భార్య మీదికి కేసు రావాలని ఏ మంచి మనిషీ కోరుకోడు.

కార్యదర్శికి కూడా చెప్పండి, కాగితాలు ఇంటికి పంపొద్దు, నేనే ఆఫీసుకు వస్తానని. రోజూ ఒక వేళ పెట్టుకుని వెళ్లండి. శిక్షణకు పిలిస్తే మీరే వెళ్లండి, మీ బదులు ఎవరినీ పంపకండి.

నా సర్వీసులో ఒక సర్పంచ్ ఉండేది. ఆమెకు చదువు రాదు. ప్రతి బిల్లూ నాతో పైకి చదివించుకునేది. బ్లీచింగ్ పౌడర్ బస్తాలు ఎన్ని దిగాయో స్టోర్ గదికి వెళ్లి లెక్కపెట్టి వచ్చాకే వేలిముద్ర వేసేది. నాకు పని పెరిగేది, నిజమే. కానీ ఆ ఊరి లెక్క రాసేటప్పుడు ఉన్న ధైర్యం నాకు ఇంకే ఊళ్లోనూ లేదు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీల్లో సగం చోట్లు మహిళలకు ఉన్నాయి. ఆ సగం కుర్చీల్లో ఆడవాళ్లే కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మా నాన్న రిటైర్డ్ టీచరు. సీబీఐ అంటూ వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్ట్ చేశామని రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు. ఎఫ్‌డీ తీసి డబ్బు పంపారు. తమ్ముడు ఆయన్ను తిట్టి ఫోన్ లాక్కున్నాడు. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

అమ్మా, ఈ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను. ఇంకా చెయ్యకపోతే ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి ఎంత ముందు చెబితే అంత మేలు. దారిలో ఎక్కడైనా దొరికితే బ్యాంకు ఆ మొత్తాన్ని ఆపుతుంది. చెల్లింపు తాలూకు యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు, దగ్గర పెట్టుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చెయ్యండి. అలా ఆపిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిన సందర్భాలు తెలంగాణలో ఉన్నాయి. ఆశ వదులుకోకండి.

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యడు, విచారణ కోసమని డబ్బు వేయించుకోడు. కానీ మీ నాన్నగారు ఉద్యోగం చేసినంతకాలం పై నుంచి వచ్చిన ఉత్తర్వును గౌరవించిన మనిషి. యూనిఫాం చూపించి, కేసు నంబరు చదివి, "ఇంట్లో చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తాం" అంటే పరువు కోసం, మీ కోసం భయపడ్డారు. ఇందులో ఆయన తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆ ముఠాలు చదువుకున్నవాళ్లనూ, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లనూ ఇలాగే పట్టుకుంటున్నాయి.

తమ్ముడితో చెప్పి ఫోన్ తిరిగి ఇప్పించండి. ఫోన్ లాక్కుంటే ఇంకోసారి ఏదైనా జరిగినా ఆయన చెప్పరు, దాచుకుంటారు. ఫిర్యాదు ఆయన చేతే రాయించండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు ఏమన్నారో ఒక టీచరు రాసినంత వివరంగా ఇంకెవరు రాస్తారు? స్టేషన్‌కు తమ్ముణ్ణి వెంట పంపండి. డబ్బు గురించీ, ఎవరికీ చెప్పొద్దనీ ఒకే ఫోన్‌లో ఎవరైనా మాట్లాడితే వెంటనే పెట్టేసి మీకు చెయ్యమనండి. ఆ ఫోన్ ఏ వేళ వచ్చినా విసుక్కోకుండా ఎత్తే బాధ్యత మీది, మీ తమ్ముడిది.

అమ్మ బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల గీతలు అరిగిపోయాయి. పింఛను దగ్గర వేలిముద్ర పడటం లేదు.
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

పది వేళ్లూ ఒక్కొక్కటిగా ప్రయత్నించమనండి. చాలాసార్లు బొటనవేలు పడకపోయినా ఉంగరపు వేలు పడుతుంది. బీడీలు చుట్టేవాళ్లకు, నాట్లు వేసేవాళ్లకు ఈ ఇబ్బంది నా సర్వీసంతా చూశాను. వేలిముద్ర పడనివాళ్లకు కార్యదర్శి ధ్రువీకరణతో పింఛను ఇప్పించేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో ముఖం గుర్తించే పద్ధతి కూడా తెచ్చారు. అది చీకటి గదిలో సరిగా పనిచెయ్యదు, అమ్మను వరండాలో వెలుతురుకు కూర్చోబెట్టమని అడగండి. ఈలోగా ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి వేలిముద్రలు, కంటిపాప, ఫొటో మళ్లీ ఎక్కించండి. వెళ్లేముందు సెంటర్ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, ఆమెను రెండుసార్లు తిప్పొద్దు.