ఒకే డబ్బా పెట్రోలు రెండు మిషన్లకూ పోయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడి దగ్గర టూ స్ట్రోక్ చైన్ సా ఉంది. పెరట్లో గడ్డి కోయడానికి నేను బ్రష్ కట్టర్ కొందామనుకుంటున్నాను. అందులో టూ స్ట్రోక్ మంచిదా, ఫోర్ స్ట్రోకా? రెండు మిషన్లకూ ఒకే డబ్బా పెట్రోలు వాడుకోవచ్చా?

జవాబు: ముందు డబ్బా సంగతి చెబుతాను. ఒకే డబ్బా వద్దండీ.

ఆ మధ్య నా దగ్గరికి ఒక చైన్ సా రిపేరుకు వచ్చింది. తాడు లాగితే కదలదు. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే, పిస్టన్ మీద గోరుకు తగిలేంత లోతుగా నిలువు గీతలు. ఫోర్ స్ట్రోక్ మిషన్‌కి తెచ్చిన ఉత్త పెట్రోలు దాంట్లో పోశారట. చాలా బాధేసింది, మిగతా మిషనంతా కొత్తదానిలా ఉంది మరి. టూ స్ట్రోక్‌లో ఆయిల్‌కి విడిగా చోటుండదు. పెట్రోలు, గాలి ముందు క్రాంక్ కేసులోకి, అంటే పిస్టన్ కింద ఉన్న గదిలోకి వెళ్లి, బేరింగుల్ని తడిపి, ఆ తర్వాతే సిలిండర్‌లోకి ఎక్కుతాయి. పెట్రోల్లో ఆయిల్ కలవకపోతే లోపల అన్నీ పొడిగా రాసుకుంటాయి. ఫుల్ స్పీడులో కొద్ది నిమిషాలు చాలు, సీజ్ అయిపోతుంది, అంటే పిస్టన్ బిగుసుకుపోతుంది.

ఫోర్ స్ట్రోక్‌లో పొరపాటున ఆయిల్ కలిపిన పెట్రోలు పోస్తే అంత ప్రమాదం లేదు. పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి మంచిది పోస్తే సరి. స్టిల్ కంపెనీ వారి ఫోర్‌మిక్స్ ఇంజన్లు మాత్రం ఫోర్ స్ట్రోకే అయినా కలిపిన పెట్రోలుతోనే నడుస్తాయి, అక్కడ జాగ్రత్త.

మీ పెరటికి నేనైతే ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టరే తీసుకోమంటాను. టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. ఆ వృథా, ఆ పొగ ఫోర్ స్ట్రోక్‌కి ఉండవు, చప్పుడూ తక్కువ. హోండా జీఎక్స్ 35 లాంటి 35.8 సీసీ ఇంజన్ని ఎటు వంచినా ఆయిల్ అందుతుంది. కానీ అందులో పట్టేది 100 మిల్లీలీటర్లే, కాబట్టి స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ మూత తీసి చూడాల్సిందే. మొదటి 10 గంటలకు ఆయిల్ మార్చండి, తర్వాత 50 గంటలకోసారి. రోజంతా భుజాన వేసుకుని ఏటవాలులో పొదలు నరికేవాళ్లకైతే తేలికైన టూ స్ట్రోకే నయం. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది కాబట్టి చిన్న ఇంజన్‌కే మంచి పవర్ వస్తుంది.

ఇక తమ్ముడికి చెప్పండి: మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అయితే 40. మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా సిరంజితో కొలవాలి. గాలితో చల్లబడే ఇంజన్లకిచ్చే టూటీ (టూ స్ట్రోక్) ఆయిలే వాడాలి, కారు ఆయిల్ వద్దు. సగం పెట్రోలు పోసి, ఆయిల్ వేసి బాగా ఊపి, మిగతా సగం పోయాలి. నెల దాటిన మిక్స్ మిషన్లో పోయొద్దు. ఆ డబ్బా మీద పెద్దక్షరాలతో ‘ఆయిల్ కలిపింది’ అని పెయింటుతో రాయించండి. మూతకు ఒక గుడ్డ కూడా కట్టండి, చీకట్లో చేతికి తెలిసేలా.