ఫ్లాపీ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడుగుతుంటే

మీ 1.44 ఎంబీ ఫ్లాపీకి విండోస్ ఈ ప్రశ్న వేస్తోందంటే ఫైళ్లు పోయినట్టు కాదు. ఎక్కువగా మొదటి సెక్టార్లు (డిస్కు మీద డేటా ఉండే చిన్న భాగాలు) చదవలేకపోవడమే కారణం. దయచేసి ఫార్మాట్ చేయకండి.

1. షట్టర్ జరిపి చూడండి. బూజు ఉంటే డ్రైవ్‌లో పెట్టకండి, డిస్కును చదివే హెడ్ పాడవుతుంది.

2. మూలనున్న మీటను జరిపి రంధ్రం తెరవండి. ఇక డిస్కు మీద ఏదీ రాయడం కుదరదు.

3. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు ఫైలు) తీయండి, ఏ సెక్టార్లు చదివిందో నమోదు చేసే మ్యాప్ ఫైలుతో సహా.

4. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకండి! డిస్కును మరో డ్రైవ్‌లో పెట్టి, అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ నడపండి. హెడ్ అమరిక డ్రైవ్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి మొదటిది వదిలేసిన సెక్టార్లను రెండోది చదవవచ్చు. చదివినవి అలాగే ఉంటాయి, ఖాళీలే పూడతాయి.

5. ఫైళ్లను ఆ ఇమేజ్ నుంచే, రికవరీ ప్రోగ్రామ్ అయిన టెస్ట్‌డిస్క్‌తో తీసుకోండి.